పదకొండో చొక్కా

గొర్రె రక్తం పోసిన పళ్లెం మీద
పొద్దున్నే మొలిచాయి,
వేలితో నొక్కినట్టు నడుమ గుంటపడ్డ
చిన్న చిన్న బొట్లు.
చుట్టూ రక్తం పచ్చబారింది.
ఎవరో తెలుసు నాకు, ఇంటిపేరుతో సహా.
ఏ చొక్కాలో వచ్చిందో తెలియదు.

పిల్లల వార్డులో పద్నాలుగు నెలల హేమాద్రి.
వెన్నులోంచి తీసిన నీళ్లు
బియ్యం కడిగిన నీళ్లలా ఉన్నాయి.
వాళ్లమ్మ దేశమ్మ, నారాయణవనం నుంచి,
ప్లాస్టిక్ కవర్లో మడత నలగని కార్డు తెచ్చింది.
"చూడు మేడమ్, ఒక్క సూదీ తప్పలా.
ఆశమ్మ రాకపోతే నేనే ఎత్తుకోని పోయినా.
మరి ఎట్లొచ్చె?"

కార్డు నిండా టిక్కులే.
నా దగ్గర జవాబుంది,
కానీ అది ల్యాబు భాషలో ఉంది.

నాదముని సారు ఫ్రిజ్ తెరిచి
సీరం సీసాలు ఒక్కొక్కటే అందిస్తారు.
గాజుపలక మీద దాని చుక్కా, దీని చుక్కా కలిపి
కటకంలోంచి చూడాలి.
గుర్తుపడితే చొక్కా ఉబ్బుతుంది,
నూనెలో పడ్డ అప్పడంలా.
ఒకటో సీసా. ఉబ్బలేదు.
నాలుగు. ఉబ్బలేదు.
సూదికి తెలిసిన చొక్కాలు పది.
పదీ అయిపోయాయి.
సారు కళ్లద్దాలు తుడుచుకుని
"వెనక అరలో చూడమ్మా" అన్నారు.

వందకు పైనే దాని చొక్కాలు.
అన్నీ చక్కెరతో నేసినవే, నేత వేరు.
పసిఒంటికి వట్టి చక్కెర గుర్తుండదు,
ఏదో ఒక మాంసకృత్తుకు ముడేసి
ఇదిగో వీడే అని చూపించాలి.
చొక్కాకొక ముడి. ముడికొక ఖర్చు.
ఒక్క సీసాలో ఎన్నని కుక్కుతారు?
పదింటిని తరిమితే మాత్రం ఏమైంది,
తిరుపతి బస్టాండులో
దిగేవాడు దిగకముందే
కిటికీలోంచి ఇంకొకడి తువ్వాలు పడినట్టే.
ముక్కు వెనక ఆ ఇరుకు సందులో
పక్కదాని చొక్కా అడిగి తొడుక్కునేవీ ఉన్నాయి,
చచ్చినదాని ఒంటి మీంచి
అడక్కుండా ఒలుచుకునేవీ.

చొక్కా కింద మారని మచ్చ ఒకటుంటుందని
వెతికేవాళ్లు వెతుకుతూనే ఉన్నారు.
ఎలుకల్లో దొరుకుతుంది.
మనుషుల దాకా వచ్చేసరికి మళ్లీ మొదటికొస్తుంది.
సారు కూడా ఎనిమిదేళ్లు వెతికారు.
ఆ ఫైలు బీరువా మీదుంది,
దాంట్లో బల్లి గుడ్లు పెట్టింది.

ఇరవై మూడో సీసాకు ఉబ్బింది.
నాకు సంతోషం వేసింది.
ఆ సంతోషానికి సిగ్గేసింది.

"గంగమ్మ జాతర తెలుసు కదా" అన్నాను దేశమ్మతో.
"పాలెగాడు దాక్కుంటే అమ్మ
రోజుకో వేషం కట్టి వెతుకుతుంది.
ఇక్కడ తిరగబడింది.
వేషాలన్నీ వాడే కడుతున్నాడు.
ఆ పది వేషాల్లో వచ్చుంటే
నీ కార్డే వాణ్ని గడప దగ్గర ఆపేది."
ఆమె కొంగుతో కార్డు తుడిచి
"అమ్మ మాత్రం ఊరికే ఉంటాదా మేడమ్,
ఇంకో వేషం కడతాది" అంది.
ఆ మాటకు నా దగ్గర సీసా లేదు.

మందు పనిచేసింది.
పదిహేడో రోజు ఇంటికి పోయాడు,
ఎడమచెవి వినికిడి ఇక్కడే వదిలేసి.

మే నెల. తాతయ్యగుంట వీధి.
బైరాగి వేషం రోజు,
ఒంటినిండా తెల్లసుద్ద, చేతుల్లో వేపమండలు,
ఎవరి బిడ్డ ఎవరో తెలియని ఎండ.
"మేడమ్!"
దేశమ్మ చంకలో ఒక సుద్దబొమ్మ.
నేను గుర్తుపట్టలేదు.
కుడిచెవి వైపు తిరిగి హేమాద్రీ అన్నాను.
సుద్ద ముక్కులోకి పోయిందేమో,
వాడు నా మొహం మీదే తుమ్మాడు.
ఇద్దరం నవ్వాం.

రుమాలుతో ఆ బుల్లి ముక్కు తుడుస్తూ
లోపల్లోపల లెక్కపెడుతున్నాను,
ఇప్పుడు ఆ సందులో ఎవరున్నారో,
ఏ చొక్కాలో.