ఆరో గడి

"ఎవరి ఆధారంతో వెళ్తున్నారు?"
ఆరో గడిలో ప్రశ్న.
రాశాను: లీనా బ్రాండ్ట్, జర్మన్ పౌరురాలు,
వయసు ఐదు. వృత్తి: యూకేజీ.
ఆదాయం దగ్గర పెన్ను ఆగింది.
మొన్న పన్నూడితే మా తమ్ముడిచ్చిన పది రూపాయలు
లెక్కలోకి వస్తాయా?

కొరుక్కుపేట నుంచి బీచ్ దాకా ఒక రైలు,
అక్కణ్ణించి మైలాపూరుకి ఇంకొకటి.
నా పూచీదారు నా ఒళ్లో నిద్ర,
నోరు తెరిచి,
భుజమంతా జొల్లు.

చంకలో పిల్లనుంచుకుని ఊరంతా వెతికినట్టు,
అనేది మా అమ్మమ్మ.
పిల్ల ఉంది అమ్మమ్మా, చంకలోనే.
వెతుకుతున్నది ఊరిని.

ఇంటిపేరు గడి ఇంకో తంటా.
నెల్లూరు నుంచి సాల్ట్ కొటార్స్‌లో మూటలు మొయ్యడానికొచ్చి
మూడు తరాలు.
ఈ ఊరు మా ఇంటిపేరు ఎక్కడో దించేసి
ముందొక అక్షరం తగిలించింది: జి. వకుళ.
జి అంటే గురవయ్య, మా నాన్న.
"ఒక్కక్షరం కుదరదు మేడం" అని
కంప్యూటర్ కుర్రాడు గురవయ్యనే ఇంటిపేరు చేశాడు.
బతికున్నన్నాళ్లూ ఆయన
పొన్నేరి దాటి వెళ్లింది లేదు.

పిల్ల తండ్రి పంపింది ఒకే కాగితం.
ఒరగడం కార్ల ఫ్యాక్టరీకి
రెండేళ్ల పని మీద వచ్చిన మనిషి.
"నాకు అభ్యంతరం లేదు."
నాలుగు చోట్ల సంతకం, నీలి సిరా.
ఎంత కుదురైన దస్తూరీ!
తిడదామని తెరిచి
మడత నలక్కుండా మళ్లీ పెట్టేశాను.

మూడో కౌంటర్.
అద్దం చిల్లులోంచి ఆవిడ
పిల్లనే అడిగింది, తమిళంలో, మెల్లిగా:
"పాపా, వీళ్లెవరు?"
లీనా నన్ను ఎగాదిగా చూసింది.
పొద్దున జడ గట్టిగా లాగానని
ఇంకా కోపం తగ్గలేదు.
నా గొంతు తడారిపోయింది.

"మా అమ్మ.
నాతో వస్తానంటోంది."

ఆవిడ నవ్వలేదు.
ఫొటోల్లో మేమూ నవ్వలేదు,
నవ్వకూడదట, చెవులు కనపడాలట.
ఊడిన పన్ను సంగతి
ఆ దేశానికింకా తెలీదు.

పన్నెండు వారాలు పట్టొచ్చు, అన్నారు.
"పాపకి పద్దెనిమిది నిండేదాకా మీకు ఢోకా లేదు" అన్నాడు ఏజెంటు.
ఆ తర్వాత?
ఆ తర్వాత అతనికి వేరే ఫోనొచ్చింది.

బయట ఎండ.
ఒక బొండం, రెండు స్ట్రాలు.
నీళ్లన్నీ తనే తాగి,
బండివాడితో కాయ కొట్టించుకుని,
లేత కొబ్బరిలో సగం నాకిచ్చింది.
సగం కాదులే,
మూడో వంతు.