పాలిచ్చేవి

ఫారెస్టు గుంటడు పడవెక్కి
మోకాళ్ళ మీద కాయితం పరిచి అడిగినాడు:
"ఈ లంకలో క్షీరదాలు ఎన్ని రకాలమ్మా?"
ఆ మాటకి నాకు నోరు తిరగనేదు.
పాలిచ్చేవి, అన్నాడు.
అలాగ సెప్పు మరి, అన్నాను.
తెడ్డు ఒళ్ళో పెట్టుకుని యేళ్ళు మడతెట్టడం మొదలెట్టినాను.

ముందు నీటికుక్కలు.
వాటికీ నాకూ పాత తగువు, అందుకే ముందు.
వంశధార సముద్రంలో కలిసే సోట
తెల్లారగట్ల ఈలలేసుకుంటూ వొచ్చి
వల కొరికి, సేపల తలకాయలు కొరికి
తోకలు నాకొదిలి ఎల్లిపోతాయి,
అలిగిన అల్లుడు విస్తరొదిలినట్టు.
మా మరిది దానేసు ఒకేడు
ఎండ్రిను పూసిన సేపలు గట్టు మీద పరిచినాడు.
ఐదు సచ్చినాయి.
ఆరోది తల్లి. పొట్టకింద పాలు ఇసకలోకి కారతన్నాయి.
పిల్లలు ఏ బొరియలోనో
మూడు రాత్రులు పిలిచినాయి.
నాలుగో రాత్రి పిలవనేదు.
దానేసు ఆ తరవాత సేపల కూర ముట్టనేదు,
ఎందుకో ఎవరికీ సెప్పనూ నేదు.
గుంటడు రాసుకున్నాడు:
నీటికుక్క. ఒక రకం.

తరవాత బావురుపిల్లి. సూసినోళ్ళు తక్కువ.
నాను సూసినాను, మొగలి పొద కింద,
నీళ్ళలోకి సెయ్యి ముంచి
బిందెలో ఉంగరం ఎతికే పెళ్ళికూతురిలాగ.

నక్క. పుచ్చకాయి ఎప్పుడు పండిందో
నాకంటే ఒకరోజు ముందే దానికి తెలుస్తాది.
ముంగిస. సెవులపిల్లి. పందికొక్కు, అదెలాగూ ఉంటాది.
తాటిసెట్టు మీద మానుపిల్లి,
కల్లు ముంతలో మూతి పెట్టి దొరికిపోయే రకం.
సరుగుడు తోటలో తలకిందులుగా గబ్బిలాలు.

"గబ్బిలం పచ్చి కదా?" అంది మా మనవరాలు జోస్న.
దానికీ పాలుంటాయి, అన్నాడు గుంటడు.
పాలున్నోళ్ళకి రెక్కలొస్తాయా అని
అది ఆలోసనలో పడిపోయింది.

"సుట్టూ నీళ్ళే కదా, ఇవన్నీ ఎలాగొచ్చినాయమ్మా?"
ఎలాగేటి, వరదకి.
నానూ అలాగే వొచ్చినాను.
గొట్టా గేట్లు ఎత్తేసిన రాత్రి
పదిరోజుల గుంటడు దాలయ్యని సంకనేసుకుని
నడిలంకలో ఎత్తు దిబ్బెక్కినాను.
తెల్లారి సూస్తే నానొక్కత్తినే కాదు.
ఈ సివర నక్క, దాని ఎనకాల రెండు కూనలు,
ఆ సివర సెవులపిల్లి, మజ్జన పాములు, ముంగిస.
ఎవుళ్ళూ ఎవుళ్ళ జోలికీ పోనేదు.
రెండ్రోజులు తిండి నేదు, వాన నీళ్ళే.
అయినా నాకు పాలు పడ్డాయి.
నక్కకీ పడ్డాయి.
ఒకల్నొకలు సూసుకుంటూ ఇచ్చుకున్నాం.

గుంటడు పెన్సిలు ఆపినాడు.
"ఆ దిబ్బ సూపిస్తావా?"

ఎక్కడని సూపించను?
రాత్రిళ్ళు లైట్లార్పుకుని ట్రాక్టర్లొచ్చినాయి,
పగలు లైట్లక్కర్లేని లారీలొచ్చినాయి.
ఆ దిబ్బ ఇప్పుడు
విశాపట్నంలో ఎవులిదో ఐదో అంతస్తు.
ఇక్కడ మిగిలింది గొయ్యి.
పెద్ద వరదొస్తే ఇయ్యన్నీ ఎక్కడికెక్కుతాయి బావూ,
ఆ గడి ఉందేటి నీ కాయితంలో?

కింద 'ఇతర వివరాలు' అని ఉంది,
సిటికినేలంత ఎడల్పు.
అందులో ఏదో రాసినాడు. నాకు సదువు రాదు.

మొత్తం ఎనిమిది, అన్నాడు.
మళ్ళీ లెక్కెట్టు, అన్నాను.
ఎట్టినాడు. ఎనిమిదే.
తొమ్మిది, అన్నాను,
దాలయ్య ఏటి తాగి బతికినాడనుకున్నావు?

నవ్వినాడు గాని రాయనేదు.

దిగినాక సూస్తే పడవలో పెన్సిలు మరిసిపోయినాడు.
జోస్న అది తీసి
తడి బల్ల మీద ఆవుని గీసింది,
రెండు రెక్కలెట్టి.