కారణం అనే గడి

ప్రసూతి మరణాల ఫారంలో
కారణం రాయమనే గడి
నా బొటనవేలంత.
"తీవ్ర రక్తహీనత" అని రాశాను
పెన్ను ఎత్తకుండా.
మైలపల్లి బండమ్మ. ఇరవై రెండు. రెండో కాన్పు.

చోటుంటే ఇంకా రాసేదాన్ని:
మూడింటికి హార్బర్లో వేలంపాట,
బుట్ట కింద మెడ, మెడ కింద ఎనిమిదో నెల,
నా సెంటరు తొమ్మిదికి తెరుస్తారని,
ఆ తొమ్మిదికి తను ఎంవీపీ కాలనీలో
ఎవరి గుమ్మం ముందో
వంజరం ముక్కలు కొడుతూ ఉండేదని,
మూడు నెలలు ఆ పేరు పక్కన
ఎర్ర సిరాతో "రాలేదు" అని
రాసింది నేనేనని.

"ఏటి సేత్తానమ్మా,
నువ్వు తలుపు తీసే ఏలకి
నా సేపలు మెత్తబడిపోతాయి"
అంది ఒకసారి దారిలో. నవ్వుతూనే అంది.

ఆ నెల నుంచి మంగళవారాలు
నాలుగింటికల్లా జెట్టీ మీద,
ఐసు మిల్లు లైటు కింద కూచున్నాను.
బరువు మిషను పాడైతే
తాతయ్యలు తన చేపల కాటా తుడిచి
ఆడవాళ్లని ఎక్కించాడు.
"యాభై నాలుగు! పాటెంత?" అని అరిచాడెవడో.
"ముందు నీ పెళ్లాన్నెక్కించు, సెప్తాను" అంది కాసులమ్మ.
జెట్టీ అంతా నవ్వు.
ఆ నవ్వులోనే సూదికి వేళ్లు చాచారు,
పొలుసులంటిన వేళ్లు.
చేప నెత్తురేదో, మనిషిదేదో
తుడిచి తుడిచి చూసుకున్నాను.

మెమో వచ్చింది, పనివేళలు పాటించలేదని.
"ఆలస్యంగా రాలేదు సార్, ముందే వచ్చాను"
అని జవాబిచ్చాను.
రెండో మెమోకి ఇవ్వలేదు.

పద్దెనిమిదేళ్లు.
బండమ్మ తర్వాత కూడా
రెండు ఫారాలు నింపాను. అదే గడి, అదే వెడల్పు.
చివరిదానికి కాగితం తిరగేసి
వెనకంతా రాశాను.
చదివారో లేదో.

నిన్న రిటైరయ్యాను. శాలువా కప్పారు.
మైకులో నన్నెవరో సేవామూర్తి అంటుంటే
కాటా మీద నిలబడ్డట్టు
కదలకుండా నిలబడ్డాను.

ఇవాళ మంగళవారం.
నాలుగింటికి మెలకువ దానంతటదే.
కిటికీలో, కొండ మీది లైట్‌హౌసు వెలుగు
వచ్చి పోతోంది.
కొత్తమ్మాయి జెట్టీకి వెళ్లిందా అని
అడక్కూడదనుకున్నాను.
తనే చేసింది, గాలి హోరులోంచి:

"మేడమ్, బండమ్మగారి పెద్దమ్మాయి.
ఐదో నెల.
తొమ్మిది పాయింటు రెండు."

పదకొండు ఉండాలి.
చీకట్లో
చెప్పులు వెతుక్కుంటున్నాను.