దిండు మీద కుడిచెయ్యి

రాత్రి రెండు దాటాక
పెనీష్ రేవు నుంచి వచ్చింది అంబులెన్సు.
పద్నాలుగేళ్ల బెనెదీతా.
కుడిచెయ్యి పక్కనే ఉంది గానీ ఆమెది కాదు,
ఎవరో మరిచిపోయిన గొడుగులా
స్ట్రెచర్ అంచున వేలాడుతోంది.
పేరడిగితే పెదవి సగమే కదిలింది,
"బె" దగ్గరే ఆగిపోయింది.

ఆ రాత్రి డ్యూటీ నాది.
పక్షవాతమే అనుకుని పరుగెత్తాను.
స్కాన్ శుభ్రం. రెండోదీ శుభ్రం.
నెత్తురు తన దారిన తాను పోతోంది.
"మత్తేమైనా పుచ్చుకుందా?" అన్నాడు కుర్ర డాక్టరు.
"రేపు లెక్కల పరీక్షట," అంది నర్సు కనుబొమ ఎత్తి.
ఆ కనుబొమ నేనూ ఎత్తాను. దాచను.

తెల్లారేసరికి బొటనవేలు కదిలింది.
పదింటికి చెంచా పట్టుకుంది.
మధ్యాహ్నం మాటలు కూడదీసుకుని చెప్పింది:
"ముందు వెలుగొచ్చింది,
చేప పొలుసులు పేర్చినట్టు, కుడివైపంతా.
తర్వాత చెయ్యి. తర్వాత మాట.
అన్నిటికంటే ఆఖర్న తలనొప్పి.
మీరెవరూ వరస అడగలేదు."

వరస.
పక్షవాతం పిడుగులా పడుతుంది.
ఇది పాకింది,
వేలి నుంచి మోచేతికి, మోచేతి నుంచి చెంపకి, నాలుక్కి,
ఇరవై నిమిషాలు, తీరిగ్గా.

నడవాలో బల్ల మీద అమ్మమ్మ ఒడెత్,
సంచిలో సగం తిన్న రొట్టె.
"నాకూ వచ్చేది," అంది గోడతో చెబుతున్నట్టు.
"సార్డీన్ డబ్బాల కార్ఖానాలో, మూడుసార్లు, ఎడమచెయ్యి.
దిష్టని నీళ్లలో నూనెబొట్లు వేశారు.
మేస్త్రీ ఆ పూట కూలి కోశాడు.
నా కూతురికి రాలేదు. అందుకే చెప్పలేదు."

సగం ఒంటిని పడగొట్టి
తనే లేపి వెళ్లిపోయే పార్శ్వనొప్పి,
నెత్తురు వెంట నడిచేది.
దాని పొడుగాటి పేరు
ఒడెత్ నాచేత రెండుసార్లు పలికించుకుంది,
అరవై ఏళ్లకు చేతికొచ్చిన రశీదులా.

చెయ్యగలిగింది కొంచెమే.
రాత్రికో మాత్ర. నిద్రకి ఒకే వేళ.
పొద్దున తిండి మానొద్దు.
అందరూ మింగే ట్రిప్టాన్ నీకు వద్దు.
బడికి ఉత్తరం: ఈ పిల్ల నటించడం లేదు.
ఆ వాక్యం నాకూ రాసుకున్నాను.
"నయమవుతుందా?"
"తగ్గుతుంది."
రెండు మాటల మధ్య దూరం
ఆమెకి వెంటనే తెలిసిపోయింది.

మూడు నెలలకి మళ్లీ వచ్చింది,
రెండేసార్లు వచ్చిందట, చిన్నవి.
లేసు అల్లే గుండ్రటి దిండు తెచ్చింది,
చెక్క కదుళ్లు ఒకదానికొకటి తగిలి గలగలమంటూ.
ఒకచోట దారాలు దారితప్పి ముడిపడ్డాయి.
"అప్పుడు చెయ్యి పోయింది. సరిగ్గా అక్కడ."
విప్పెయ్యొచ్చుగా, అన్నాను.
"అమ్మమ్మ వద్దంది.
తేదీ ఉండాలట."