దారం తెగినవాడు టీ పెట్టాలి

ఆటకి పేరు లేదు. రూలు ఒకటే.
నువ్వో సంగతి చెప్పాలి, నిజమైంది.
దాని కొస పట్టుకుని నేనొకటి.
కొస దొరక్కపోతే దారం తెగినట్టు.
తెగినవాడు లేచి స్టవ్ వెలిగించాలి.

లోసరి దాటాక, గాలి ఉప్పగా మారే చోట
ఆరెకరాల చెరువు, రెండు మంచాల షెడ్డు,
రాత్రంతా నీళ్ళని చిలికే ఎనిమిది ఏరియేటర్లు.
కాపలా ఇద్దరం.
డిగ్రీ రెండో ఏడులో ఆగిపోయిన నేను,
పల్లీలు తిన్నాక పొట్లం కాగితం పారెయ్యని
కాటం దానియేలు మావ.
ఆయన చదువంతా నూనె మరకల మీదే,
చిరిగిన చోటల్లా ఆగిపోయే చరిత్ర.

"రొయ్యకి గుండె తలకాయలో ఉంటాది," మొదలెట్టాడు.
దాని నెత్తురు ఎరుపు కాదు, రాగి వల్ల నీలం, అన్నాను.
"రాగంటే అమెరికా రేవులో దివిటీ పట్టుకున్న ఆడమనిషి.
ఒళ్ళంతా రాగి రేకే. చిలుమెక్కి పచ్చబడింది."
ఆవిణ్ణి పంపింది ఫ్రెంచివాళ్ళు.
"ఫ్రెంచోళ్ళా! యాభై నాలుగు దాకా యానాం ఆళ్ళదేగా.
యానాం పక్కనే కోరంగి."
కోరంగిలో ఓడెక్కిన మనవాళ్ళని
బర్మావాళ్ళు కోరంగీలనే పిలిచేవారట.
"ఓడంటే తెరచాప, తెరచాపంటే గుడ్డ,"
ఒకేసారి రెండంగలు వేశాడు,
చూసీ చూడనట్టు ఊరుకున్నాను,
"గుడ్డంటే నరసాపురం పక్కన మాధవాయిపాలెం."
ఆ పేరు దొరల నోట్లో నలిగి మడపొల్లం అయింది.
ఒకరకం నూలుగుడ్డ. ఇంగ్లీషు డిక్షనరీలో ఇప్పటికీ ఉంది.
"ఊరోళ్ళకి తెల్సా ఆ సంగతి?"
తెలిసుండదు మావా.
"గుడ్డంటే దారం మరి."
దారమంటే లేసు, అన్నాను తేలిగ్గా.

"లేసంటే మా మరియమ్మ కన్ను."

ఇది ఏ పొట్లంలోనూ అచ్చైన సంగతి కాదు.
"పగలు వరిచేలో, రాత్రి కిరసనాయిలు బుడ్డి దగ్గర.
ఎడం కన్ను ముందు పోయింది.
కుడి కంటితో ఇంకో రెండేళ్ళు అల్లింది.
అన్ని బల్లగుడ్డలు అల్లిందా,
ఒక్కటీ ఇంట్లో పరవలేదు.
మాకు బల్లేదీ?"

రుజువేంటని అడగొచ్చు, రూలు ప్రకారం.
అడగలేదు.
కన్ను కొస నా చేతిలో ఉంది, ఏం చెయ్యాలో తెలియలేదు.
టార్చి వేస్తే రొయ్య కళ్ళు నిప్పుల్లా మెరుస్తాయి, అన్నాను,
బయల్దేరిన చోటికే వచ్చామని కాస్త గొప్పగా.
చూపిద్దామని చెరువు మీదకి వేశాను కూడా.

వేల కళ్ళు. గట్టు అంచునే. పైకి తేలి.

అప్పుడు వినిపించింది
ఏమీ వినిపించకపోవడం.

పురుగులొస్తాయని బల్బు మేమే ఆర్పుకున్నాం.
అలవాటైన చప్పుడు ఆగినా చెవి దాన్ని కాసేపు
తనే నడుపుకుంటుందని ఎక్కడో చదివాను,
లేదా ఇప్పుడే కల్పించుకున్నాను.
కరెంటు ఎప్పుడు పోయిందో!
యానాం దగ్గరో, కోరంగి ఓడలోనో.
అమావాస్య. రొయ్య గుల్ల విడిచే రాత్రి,
దానికి ఊపిరి రెట్టింపు కావాల్సిన రాత్రి.

మావ లుంగీ ఎగ్గట్టి జనరేటరు మీద పడ్డాడు.
నేను గట్టు పొడుగునా పరిగెడుతూ
ఆక్సిజన్ గుళికలు చల్లాను, నారుమడిలో విత్తనాల్లాగ.
అది ఒకసారి దగ్గింది. రెండోసారి దగ్గింది.
మూడోసారి మావ ఎవర్ని తలుచుకున్నాడో
అంటుకుంది.

తెల్లారాక వలేసి ఏరితే సగం గమేళా.
సగం గమేళా, అంతే. ప్రాణం కుదుటపడింది.
ఓనరుకి ఏం చెప్దాం?
"కరెంటు పోయిందని. నిజమైన సంగతేగా."

దారం ఎవరి దగ్గర తెగిందో తేలలేదు.
స్టవ్ ఇద్దరం కలిసే వెలిగించాం.
మావ చేతులు ఇంకా వణుకుతున్నాయి, గ్లాసులో టీ కూడా.
"అరిటిచెట్టు చెట్టు కాదంట్రా," అన్నాడు,
"గడ్డి జాతంట."

దానికీ దీనికీ ఏంటి మావా సంబంధం?

ఊదుకుంటూ ఓ గుక్క తాగాడు.
"ఉంటాది. ఎతుకు."