తొమ్మిదో బటను

రిచీ స్ట్రీట్‌లో మధ్యాహ్నం మూడింటికి
యతిరాజులు నా కెమెరాను అరచేతిలో తూచాడు,
కాశిమేడులో వంజరాన్ని తూచినట్టు.
"బాడీ పాతది మేడమ్. దీనికి తొడుగు చెయ్యడం
కంపెనీవాళ్ళు ఎప్పుడో మానేశారు."

తొడుగన్నాడు. పెట్టె మీద హౌసింగ్ అని ఉంటుంది.
ఇల్లన్నమాట.
ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు,
కెమెరాకి కట్టి చూడమని మాత్రం అనలేదు.

ముందు సంచీ చూపించాడు.
మెత్తటి ప్లాస్టిక్, మెడకో తాడు, తొమ్మిది వందలు.
చెయ్యి దూర్చాను. ఇడ్లీ పిండి కవర్లో
వేళ్ళు పెట్టినట్టుంది.
"స్విమ్మింగ్ పూల్‌కి చాలు. సముద్రానికైతే
నన్నడక్కండి."
నేనడిగేది సముద్రానికే.

నలభై నాలుగేళ్ళకి ఈత నేర్చుకున్నదాన్ని.
టైల్స్ కొట్లో లెక్కలు రాసుకునేదాన్ని.
నీలాంకరై దగ్గర పడవ దిగి
పదిహేనడుగుల లోతున మొదటిసారి తలెత్తితే
అల అడుగు కనపడింది.
పైన రేకుల కప్పు మీద ఎవరో నడుస్తున్నట్టు
వెలుతురు కిందికి దిగబడి, లేస్తోంది.
పైకొచ్చి సహాయమేరికి చెప్పబోతే మాట రాలేదు.
"ఫొటో తియ్యక్కా," అంది, ముక్కు చీదుకుంటూ.

రెండోది గట్టిది. పాలికార్బొనేటు.
నూట ముప్పై అడుగులని ఒంటి మీద చెక్కి ఉంది.
వెల చెప్పేముందు యతిరాజులు టీ తెప్పించాడు.
అప్పుడే అర్థమైంది.
కెమెరా కొన్నదానికి రెండింతలు.

పైగా అది దీనిది కాదు, దీని చెల్లెలి మోడల్‌ది.
లోపల పెడితే సరిగ్గానే కూర్చుంది.
ఒక్కో బటనే నొక్కి చూశాం,
డాక్టరు పొట్ట నొక్కి 'ఇక్కడా?' అని అడిగినట్టు.
షట్టరు అందింది. జూమ్ అందింది. ఫ్లాష్ కొంచెం మొరాయించింది.
కేసుకి తొమ్మిది బటన్లు, కెమెరాకి ఎనిమిదే.
తొమ్మిదోది నొక్కితే లోపల ఏమీ లేదు,
స్ప్రింగు మాత్రం మర్యాదగా లేచి వస్తుంది.
"అదొక్కటి వదిలెయ్యండి," అన్నాడు.

తర్వాత పాఠం. నల్ల రబ్బరు రింగు,
పసిపిల్ల గాజంత.
"మొత్తం ఇదే మేడమ్. మిగతాదంతా పెట్టె.
ఒక్క వెంట్రుక, ఒక్క ఇసుక రేణువు అడ్డం పడిందా,
నీళ్ళు దారి అడగవు."

అడగవని నాకు తెలుసు.
ఆ డిసెంబరులో, జాఫర్‌ఖాన్‌పేటలో,
గుమ్మం కింద గోనెలు కుక్కాం, దుప్పట్లు కుక్కాం,
మా అత్తగారి ఊలు శాలువా కూడా కుక్కాం.
బాత్రూం తూములోంచి వచ్చింది.
ఫ్రిజ్ తేలింది.
పెళ్ళి ఆల్బం పేజీలు అతుక్కుపోతే, విడదీసినప్పుడు
నా ముఖం మా ఆయన చొక్కా మీదికి వచ్చేసింది.
ఆ ఇంటికి ఎంత రింగు కావాలో
ఏ యతిరాజులూ చెప్పలేదు.

డబ్బు లెక్కపెట్టి ఇచ్చాను.
రెండు వందలు తగ్గించి, గ్రీజు ట్యూబు ఊరికే ఇచ్చాడు.

రాత్రి మేడ మీద నీలం డ్రమ్ములో,
లారీ నీళ్ళు, శుక్రవారం దాకా రావాలి,
ఖాళీ కేసులో టిష్యూ కాగితం మడిచి పెట్టి
పొత్రం కట్టి ముంచాను.
గృహప్రవేశానికి ముందు పాలు పొంగించాలిగా,
ఇవే ఆ పాలు.
రెండుసార్లు లేచి టార్చి వేసి చూసొచ్చాను.
"దొంగలా?" అన్నాడు మా ఆయన.
"నీళ్ళు," అన్నాను.
ఆ మాటకి ఆయన కూడా లేచి కూచున్నాడు.

తెల్లారి తీసి విప్పితే
కాగితం పొడిగా, పెట్టిన మడత పెట్టినట్టే.
తొమ్మిదో బటను ఓసారి నొక్కాను, ఊరికే.

ఆరున్నరకే ఉక్క.
ఆ కాగితంతోనే మెడ తుడుచుకున్నాను.
రాత్రంతా డ్రమ్ము నీళ్ళకి లొంగనిది
ఒక్క తుడుపుకే ముద్దైపోయింది.