కబాలా

అమ్మ సందుగల ఒక కాయితం ఉండె.
నిజాం ముద్ర, ఉర్దూ రాత, ఒక మూల చెదలు తిన్నది.
మర్రిగూడ పక్కన మూడెకరాల చెలకకు కబాలా.
ఇంట్ల ఎవ్వరికీ చదువరాదు,
కావాలె మాత్రం అందరికీ.

సఫేదు అనే కొండ మీది ఊర్ల
ఆరేండ్లు ఒక ముసలాయనకు తానం పోసి,
బువ్వ తినిపించి బతికిన.
మెనహేము ఆయన పేరు.
కాళ్లు పడిపోయినయి, నోరు పడిపోలె.
దీపం కాడ పుస్తకం ముక్కుకు ఆనించుకొని చదువుతుండె.
ఏం పుస్తకం తాతా అంటే
కబ్బాలా అన్నడు.
ఎన్నెకరాలది అని అడిగిన.

మా దిక్కు ఆ మాటకు అర్థం చెప్పినంక
దగ్గొచ్చేదాక నవ్విండు.
"మా భాషల తీసుకునుడు అని అర్థం.
ఇద్దరం ఒక్క మాటనే చెరో అంచు పట్టుకొని గుంజుతున్నం పో" అన్నడు.
పైకి చూపెట్టబోయిన వేలు వణికి
నా చేతుల గంజి గిన్నె కాడ ఆగింది.

ఆయన చెప్పిందాంట్ల నాకెక్కింది కొంచమే:
అన్నిటికన్న ముందు వెలుగు ఉండెనట.
దాన్ని పట్టేటందుకు దేవుడు కడువలు చేసిండట.
కడువంటే వేరేం కాదు, కావాలె అనే ఆకలి.
నాకే, నాకే అని పట్టినందుకు పలిగినయట.
ఆ పెంకులమే మనం.
ఊఁ కొట్టుకుంట
ఆయన పండ్లసెట్టు కడిగి గ్లాసుల ఏసిన.

తిరిగొచ్చి ఆ పైసలతోని బోర్లేసిన.
నాలుగు దుమ్ము పోసినయి.
ఐదోది ఏడు వందల ఫీట్ల కాడ
రెండించుల నీళ్లు.
తాగితే బొక్కలు వంగే నీళ్లే, బత్తాయికి మాత్రం అమృతం.
స్టార్టరు డబ్బకు తాళమేసి
తాళంచెవి మొలతాడుకు కట్టుకున్న.

గట్టుకవతల అన్న చెట్లు.
బుచ్చిరాములుకు మోకాళ్లు రెండూ లోపలికి తిరిగినయి,
నడిస్తే కుర్చీ నడిచినట్టు.
ఎండాకాలం ఒకనాడు గట్టు మీద నిలబడి
"రాత్రి ఒక్క గంట ఇడువురా" అన్నడు.
ఆ కాళ్లకు అన్ని చెట్లెందుకే అన్న.
ఆ మాట ఇంక నా నోట్లనే ఉన్నది.

మంచోన్ని కావాలనుకున్న.
మంగళవారం అరగంట ఇడిసిన.
బుధవారం చాయ్ హోటల్ల నలుగురికి చెప్పిన.
గురువారం అండాలు వదినె నన్ను చూసి నవ్వకపోతే
మోటరు బందు జేసిన.
ఇచ్చిన నీళ్లు గూడ చుట్టు తిరిగొచ్చి
నా మడినే తడిపినయి.

అప్పుడు యాదికొచ్చింది ముసలాయన మాట:
"దాన్ని నువ్వు గెలువవు బిడ్డా.
గెలవాలె అని లోపల లేస్తది చూడు, అది గూడ అదే.
పైవాన్ని అడుగు."
ఏ భాషల?
"నువ్వు ఏ భాషల తిడుతవో, ఆ భాషల."

మోటరు కాడ కూసున్న.
తాళంచెవి మీద చెయ్యేసిన, ముడి ఇప్పబుద్ధి కాలె.
చెయ్యి నాదే. బుద్ధి నాదే. అదే గోస.
"అయ్యా, నాకు ఇయ్యబుద్ధయితలేదు.
ఉత్తగ చెప్తలేను, నిజంగనే అయితలేదు.
ఆ బుద్ధి నువ్వే ఇయ్యాలె, నా తాన లేదు."
గాలి లేదు. ఆకు మెదలలె.
ట్రాన్స్‌ఫార్మరు గుయ్యిమంటున్నది.
ఎంతసేపో.

పైపు గట్టు దాటుతుంటే ఎరుకైంది
గుంజేది నేనే అని.
అండాలు వదినె టార్చి కొట్టి "ఎవరదీ" అన్నది.
"నీళ్లు" అన్న.
పేరు నోటికి రాలె.

మొన్న యాకూబు సారు కాయితం చదివి చెప్పిండు:
చెదలు తిన్న మూలనే ఉండెనట
కొన్నోని పేరు.

తెల్లారి లెక్కవెట్టిన.
మూడు గంటల పది నిమిషాలు పోయినయి నీళ్లు.
కడుపుల చురుక్కుమన్నది.
రాత్రి మళ్ల కూసోవాలె.